సివిల్ త్రీడీ సొంతంగా నేర్చుకుందాం, 7వ పాఠం: క్రాస్ సెక్షన్‌లో పాత పైప్‌లైన్లు

రోడ్లు, పైప్‌లైన్లు డిజైన్ చేసే సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈ వారం లేబుళ్లు, ప్లాట్ షీట్లు చెప్పాలనుకున్నాను. ఆరో పాఠం అభ్యాసంలో రోడ్డు పక్కనున్న పాత పైపుని క్రాస్ సెక్షన్‌లో, అంటే రోడ్డుని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలో, చూపమన్నాను. మీరు పంపిన డ్రాయింగులు చూశాక వాటిని పక్కన పెట్టేశాను. కొందరికి సెక్షన్‌లో పైపే కనపడలేదు. కనపడిన వాళ్లలో చాలామందికి అది ఉండాల్సిన లెవెల్‌లో లేదు. మొదటిది రెండు నిమిషాల పని. రెండోదాన్ని వదిలేస్తే రేపు సైటులో జేసీబీ పైపుని పగలగొడుతుంది.

ముందు కనపడని పైపు సంగతి. మీలో ఎక్కువమంది శాంపిల్ లైన్లు (సెక్షన్ ఎక్కడ కోయాలో చెప్పే గీతలు) ముందే పెట్టి, పైప్ నెట్‌వర్క్ తర్వాత గీశారు. అలా గీసిన నెట్‌వర్క్‌ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను సెక్షన్‌లోకి తీసుకోదు. శాంపిల్ లైన్ గ్రూప్ ప్రాపర్టీస్‌లో సెక్షన్స్ ట్యాబ్‌కి వెళ్లి, ‘శాంపిల్ మోర్ సోర్సెస్’ నొక్కి, నెట్‌వర్క్‌ని జాబితాలో చేర్చండి. అప్పటికీ రాకపోతే శాంపిల్ లైన్ వెడల్పు చూడండి. సెంటర్ లైన్ నుంచి చెరో పక్క 12 మీటర్లే ఇచ్చి, పైపేమో 14 మీటర్ల దూరంలో రోడ్డు హద్దు పక్కన ఉంటే ఎలా కనపడుతుంది?

రోడ్డుని అడ్డంగా దాటే లైన్లను మాత్రం సెక్షన్లలో వెతక్కండి. సెక్షన్లు 1+240, 1+260 చైనేజీల దగ్గర (రోడ్డు మొదలు నుంచి 1240, 1260 మీటర్ల దూరంలో) ఉండి, లైను 1+247 దగ్గర దాటితే రెండింటిలోనూ కనపడదు. దాన్ని ప్రొఫైల్‌లో, అంటే రోడ్డు పొడవునా లెవెళ్లు చూపే బొమ్మలో, చూపించాలి.

ఇక అసలు విషయం. మన అభ్యాసం రోడ్డు నల్లగొండ నుంచి దేవరకొండ వైపు వెళ్లేది అనుకున్నాం కదా, ఎడమ పక్కన మిషన్ భగీరథ తాగునీళ్ల లైను, 300 డీఐ (డక్టైల్ ఐరన్, ఇనుప) పైపు. ట్రయల్ పిట్‌లో (పైపు ఎక్కడుందో చూడటానికి తవ్విన గుంతలో) తేలిన లెక్క ఇది: నేల లెవెల్ 99.820, నేల నుంచి పైపు పైభాగం దాకా లోతు 0.950. అంటే పైపు పైభాగం 98.870. మీలో కొందరు ఈ 98.870నే ఇన్వర్ట్ గడిలో కొట్టేశారు. ఇన్వర్ట్ అంటే పైపు లోపలి అడుగు. డీఐ 300 బయటి వ్యాసం 326 మిల్లీమీటర్లు, కాబట్టి పైపు మధ్య 98.707, బయటి అడుగు 98.544. గోడ మందం 7 మిల్లీమీటర్లు కలిపితే ఇన్వర్ట్ 98.551. ప్రెషర్ నెట్‌వర్క్ (ఒత్తిడితో పారే లైన్ల కోసం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వేరే రకం) వాడేవాళ్లు ఇన్వర్ట్ కాదు, మధ్య లెవెల్ ఇవ్వాలి. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు లెక్క వేరు. అక్కడ 110 అంటే బయటి వ్యాసమే.

ఇన్వర్ట్ తప్పైతే సెక్షన్ చూసినప్పుడైనా అనుమానం వస్తుంది. ఇప్పుడు చెప్పబోయే తప్పు అలా బయటపడదు. చాలామంది పైప్ నెట్‌వర్క్ గీసేటప్పుడు రిఫరెన్స్ సర్ఫేస్‌గా కారిడార్ టాప్ సర్ఫేస్ (కొత్త రోడ్డు మోడల్ పైతలం) ఇచ్చారు, పైపు మీద ఎంత లోతు ఉండాలో చెప్పే కవర్ రూల్‌లో 0.950 పెట్టారు. అంటే సాఫ్ట్‌వేర్‌కి ఏం చెప్పినట్టు? కొత్త రోడ్డు ఎక్కడుంటే దాని కింద 0.950 లోతులో పైపు ఉందని. మన రోడ్డు ఆ చోట కటింగ్‌లో ఉంది, అంటే నేలని తవ్వి దించాం, పైపు మీద పూర్తయిన లెవెల్ 99.370. సాఫ్ట్‌వేర్ పైపు పైభాగాన్ని 98.420 దగ్గర పెట్టింది. పక్క కాలువ అడుగు, కింద కాంక్రీటుతో సహా, 98.760. సెక్షన్‌లో చూస్తే కాలువకీ పైపుకీ మధ్య 34 సెంటీమీటర్ల ఖాళీ, అంతా బాగుంది అనిపిస్తుంది. నిజానికి పైపు పైభాగం 98.870 దగ్గరే ఉంది. కాలువ పైపులోకి 11 సెంటీమీటర్లు దిగుతోంది.

భూమిలో ఉన్న పైపు మన డిజైన్ మాట వినదు. మనం రోడ్డుని ఎత్తినా దించినా అది వేసిన చోటే ఉంటుంది. అందుకే పాత లైన్ల కోసం ఏ రూలూ లేని ఒక ఖాళీ రూల్ సెట్ చేసి పార్ట్స్ లిస్ట్‌లో (నెట్‌వర్క్‌లో వాడే పైపుల జాబితాలో) పెట్టండి. రిఫరెన్స్ సర్ఫేస్ ఏమీ ఇవ్వకండి. ఇన్వర్ట్‌లు పట్టికలో చేత్తో కొట్టండి. విసుగే, కానీ కొట్టాల్సిందే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఈ లైను తెగితే జనం మళ్లీ ఫ్లోరైడ్ బోరు నీళ్లకే పోవాలి. ఆ ఊళ్లలో ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఈ గడుల్ని గుడ్డిగా నింపరు.

నేనైతే పాత లైను ఏదైనా, నీళ్లదైనా కేబుల్ అయినా, మామూలు గ్రావిటీ నెట్‌వర్క్‌లోనే (వాలుతో పారే లైన్ల రకంలోనే) గీస్తాను. కేబుల్‌కి చిన్న వ్యాసం పైపు పెడతాను. ప్రతి పిట్ దగ్గరా ఒక నల్ స్ట్రక్చర్ (పైపుల్ని కలిపే ఉత్త బిందువు, నిజమైన మ్యాన్‌హోల్ కాదు) పెడతాను, అక్కడ లెవెల్ మారొచ్చు కాబట్టి. మన ప్రాంతంలో రాయి తగిలిన చోట తవ్వకం ఆగిపోయి లైను పైకి లేస్తుంది. రెండు పిట్‌ల మధ్య గీత నేరుగా ఉందని నమ్మకండి. రాయి పైకి కనిపించే చోట ఇంకో పిట్ అడగండి.

సెక్షన్‌లో పైపు గుండ్రంగా లేదని అడిగారు. నిలువు స్కేలు పెంచితే పైపు నిలువుగా సాగుతుంది. లైను సెక్షన్‌ని 30 డిగ్రీల కోణంలో దాటితే 326 వెడల్పు 652గా కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. ఖాళీ కొలిచేటప్పుడు మాత్రం స్కేలు గుర్తుంచుకోండి.

ఇంకో అలవాటు చేసుకోండి. తవ్వి చూసిన లైనుకి నిండు గీత, కేవలం రికార్డు చూసి గీసినదానికి తెగిన గీత, రెండు వేరు స్టైళ్లు పెట్టండి. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 38లో ఈ తేడాకి ఏ నుంచి డీ దాకా నాలుగు స్థాయిలున్నాయి. తవ్వి చూసింది ఏ, కాగితం మీద మాత్రమే ఉన్నది డీ. సెక్షన్ చూసే ఇంజనీరుకి ఏ గీతని ఎంత నమ్మాలో తెలియాలి.

అభ్యాసం: ఆరో పాఠం ఫైల్‌లోనే పాత నెట్‌వర్క్ తీసేసి, ఖాళీ రూల్ సెట్‌తో మళ్లీ గీయండి. కాలువని ఎడమ నుంచి కుడికి మార్చకుండా, కాలువ అడుగుకీ పైపు పైభాగానికీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు వచ్చేలా ఆ భాగం ప్రొఫైల్ సవరించండి. కాలువ వాలు ఎదురు తిరగకూడదు. ఆ రోడ్డు పక్కనే హెచ్‌డీపీఈ 110 లైను, ఒక ఫైబర్ డక్ట్ కూడా ఉన్నాయనుకుని, వాటి లోతులు మీరే పెట్టుకుని, మూడింటినీ 20 మీటర్లకో సెక్షన్‌లో చూపండి. ప్రతి సెక్షన్‌లోనూ పైపు పైభాగం లెవెల్ కాగితం మీద లెక్కవేసి, తెర మీద కొలిచినదానితో పోల్చి, తేడా 5 మిల్లీమీటర్లు దాటిన చైనేజీలు రాసి పంపండి.