వాంతులైతే గ్లూకోజ్ బాటిల్ కాదు, ముందు సర్జన్‌కు ఫోన్

పోయిన నెల మా దగ్గరి చుట్టాల్లో ఒకామెను రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకెళ్లారు. బరువు తగ్గడానికి కడుపుకు బ్యాండ్ వేయించుకుని ఐదు నెలలైంది. ఒక పెళ్లిలో మటన్ తునక ఇరుక్కుంది. ఆ రోజు నుంచి ఏం తిన్నా వాంతే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వాంతుల సూది, గ్లూకోజ్ బాటిల్. రెండు రోజులు తేలిక, మళ్లీ వాంతి, మళ్లీ బాటిల్. అట్లా మూడు వారాలు గడిచాయి. నాలుగో వారంలో గోడ పట్టుకుని నడవడం మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరిలా కనిపిస్తున్నారని చెప్పినా ఇంట్లోవాళ్లు నీరసం అనుకున్నారు. ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతిన్నదని, దీన్ని వెర్నికె అంటారని హైదరాబాద్‌లో చెప్పారు. ప్రాణం దక్కింది. నడక మాత్రం ఇంకా సరిగా రాలేదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మన హనుమకొండ, కాజీపేట, నర్సంపేట వైపు నుంచి బరువు తగ్గే ఆపరేషన్‌కు పోయేవాళ్లు చాలామంది ఎండాకాలం సెలవులే చూసుకుంటారు. పిల్లలకు బడి ఉండదు, టీచర్లకు లీవు అక్కర్లేదు. కానీ అదే పెళ్లిళ్ల సీజన్. ఎండ 44 దాకా పోయే ఊళ్లు మనవి. గుక్కెడు గుక్కెడుగా తప్ప నీళ్లు తాగలేని మనిషికి ఇంతకంటే కష్టకాలం లేదు.

నేను డాక్టర్‌ను కాను, టీచర్‌ను. తొమ్మిదేళ్ల కింద బ్యాండ్ వేయించుకున్నాను, రెండేళ్ల కింద తీయించుకున్నాను. తక్కువ తినాలి, నడవాలి లాంటివి మీకు అందరూ చెబుతారు, నేను చెప్పను. ఒక్క తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు నేనూ చేశాను.

వాంతిని దాచడం.

బ్యాండ్ అంటే కడుపు పైభాగం చుట్టూ వేసే సిలికాన్ పట్టీ. దానిపైన మిగిలే సంచిలో 15 నుంచి 30 మిల్లీలీటర్లే పడుతుంది, చిన్న టీ కప్పులో సగం కూడా కాదు. చర్మం కింద ఒక పోర్టు ఉంటుంది. అందులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే లూజవుతుంది. మెత్తగా నమలని తునక ఆ ఇరుకులో ఆగిపోతుంది. రొమ్ము మధ్యలో బిగబట్టినట్టు నొప్పి, నోట్లో జిగట నీళ్లు, తర్వాత వాంతి. ఒకసారి అయితే ప్రమాదం లేదు. కానీ కక్కినప్పుడు అక్కడ వాస్తుంది. వాచిన చోట దారి ఇంకా ఇరుకవుతుంది. తర్వాతి ముద్ద ఇంకా తొందరగా ఇరుక్కుంటుంది. పదే పదే కక్కుతుంటే కింది కడుపు పట్టీలోంచి పైకి జారుతుంది. బ్యాండ్ జారింది అనేది దీన్నే. అలా జారిన భాగానికి రక్తం ఆగితే ఆ రాత్రే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

ఎందుకు దాస్తామో కూడా చెబుతాను. మా అత్తమ్మ మొదటి రోజే అన్నది, "పైసలు పెట్టి రోగం కొనుక్కున్నవ్ బిడ్డా" అని. ఆ మాట నిజమవుతుందేమోనని బాత్రూంలో నల్లా తిప్పి కక్కేదాన్ని, చప్పుడు బయటికి వినిపించకుండా. ఇంకో కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. కక్కుతుంటే బరువు తొందరగా తగ్గుతుంది. వారంలో మూడు కిలోలు తగ్గితే ఎవరికి సంతోషం కాదు? చుట్టాలు మెచ్చుకుంటుంటే బ్యాండ్ బాగా పనిచేస్తోందని నేనూ అనుకున్నాను. అది పనిచేయడం కాదు, చెడిపోవడం. పంతొమ్మిది రోజులు దాచాను. చివరికి ఎక్స్‌రేలో పట్టీ అడ్డం తిరిగి కనిపించింది.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని కిలోలు తగ్గుతాను అని కాదు. "రాత్రి పది గంటలకు వాంతులు ఆగకపోతే వరంగల్‌లో నా బ్యాండ్ లూజు చేసేదెవరు?" అని అడగండి. పోర్టులోకి పోవాల్సింది దానికని ఉండే ప్రత్యేకమైన సూది, మామూలు సూది గుచ్చితే పోర్టు పాడవుతుంది. ఆ సూది, అది గుచ్చడం తెలిసిన చేయి అన్ని ఆసుపత్రుల్లో ఉండవు. ఇక్కడ ఎవరూ లేరంటే 145 కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాదే దిక్కు. అది తెలిసే ఒప్పుకోండి. ఇప్పుడు ప్రపంచమంతటా బ్యాండ్ వేయడం బాగా తగ్గింది, కడుపును కోసి సన్నగా చేసే స్లీవ్ ఎక్కువైంది. మీకు బ్యాండే ఎందుకు, తర్వాత తీయాల్సి వస్తే ఏమిటి అని కూడా ముందే అడగండి. స్లీవ్ చేయించుకునేవాళ్లకు పోర్టు ఉండదు గానీ, ఈ వాంతి మాట, బీ1 మాట వాళ్లకూ అంతే వర్తిస్తాయి.

ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన రెండు వారాల డైట్‌ను తేలిగ్గా తీసుకోకండి. అది బరువు కోసం కాదు, కాలేయం కోసం. కొవ్వు పట్టిన కాలేయం కడుపు పైభాగాన్ని కప్పేసి ఉంటుంది. అది కాస్త చిన్నదైతేనే సర్జన్‌కు చోటు దొరుకుతుంది. అందుకే అన్నం, తీపి, నూనె బాగా తగ్గించి పప్పుకట్టు, గుడ్డు, పెరుగు, కూరగాయలు ఇస్తారు. "ఆపరేషన్ అయినంక తినలేను గదా" అని రెండు రోజుల ముందు దావత్ చేసుకునేవాళ్లను చూశాను. బగారన్నం, నాటుకోడి ముందు పెట్టుకుంటే రెండు వారాల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఈ డైట్ మొదలుపెట్టే రోజే మందుల మోతాదు అడగాలి. తిండి సగమై ఇన్సులిన్ అంతే ఉంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపిస్తారు. తిండి తగ్గించి ఇవి వేసుకుంటే మీటర్‌లో షుగర్ మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. రక్తం పలుచన చేసే మందులు, గర్భనిరోధక గోలీలు వాడుతుంటే అవీ చెప్పండి. గట్టిగా గురక పెట్టేవాళ్లు నిద్ర పరీక్ష చేయించుకోండి, మత్తు ఇచ్చే డాక్టర్‌కు అది తెలియాలి. బీడీ, సిగరెట్ ఆరు వారాల ముందే మానాలి.

ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చే దారిలో కారులో మూడు గంటలు కదలకుండా కూర్చోవద్దు. భువనగిరి దగ్గర ఒకసారి, జనగామ దగ్గర ఒకసారి దిగి పది నిమిషాలు నడవండి, లేకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. భుజం నొప్పి రెండు మూడు రోజులుంటుంది, ఆపరేషన్‌లో పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చేది, తగ్గిపోతుంది. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, పడుకుని ఉన్నప్పుడు కూడా నాడి 120 దాటినా ఆగొద్దు, 108 పిలవండి.

తిండి మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి రెండు వారాలు పల్చటి ద్రవాలు, తర్వాత రెండు వారాలు మిక్సీ పట్టినవి, ఆ తర్వాత రెండు వారాలు మెత్తటివి. మీ డాక్టర్ ఇచ్చిన చీటీలో కాస్త అటూ ఇటూ ఉంటే చీటీదే మాట. పెసరకట్టు, వడగట్టిన రాగి జావ, వెన్న తీసిన సల్ల, కూరగాయల రసం, పాలు. పచ్చిపులుసు పల్చగానే ఉంటుంది కదా అని నన్ను చాలామంది అడిగారు. మొదటి నెల వద్దు, ఆ పులుపు, మిరపకాయ పడవు. (నాలుగో నెలలో నేను తాగాను. స్వర్గం అనిపించింది.) మొదటిసారి పట్టీ బిగించేది నాలుగు నుంచి ఆరు వారాలకు. అప్పటిదాకా ఆకలి వేస్తుంది. బ్యాండ్ పనిచేయట్లేదని కంగారుపడి అన్నం మొదలుపెట్టకండి. లోపల పట్టీ కుదురుకునే సమయం అది.

బిగించుకున్న ప్రతిసారీ రెండు రోజులు మళ్లీ ద్రవాలే. బిగించాక నీళ్లు తాగి, దిగాయో లేదో చూసుకున్నాకే అక్కడి నుంచి లేవండి. బిగించిన రాత్రి పడుకుంటే దగ్గు, గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తే ఎక్కువ బిగిసినట్టే. తెల్లారి ఫోన్ చేయండి.

ఇక వాంతి మాట మళ్లీ చెబుతున్నాను. తునక ఇరుక్కుని ఒకసారి కక్కితే ఆ రోజంతా, మర్నాడూ ద్రవాలే. వాపు దిగాలి. "ఖాళీ కడుపు గదా, ఇంత అన్నం తిను" అంటే వినొద్దు. నీళ్లు కూడా నిలవకపోతే, ఉమ్మి కూడా మింగలేకపోతే అదే రోజు బ్యాండ్ లూజు చేయించుకోవాలి. సెలైన్ తీయడానికి నిమిషాలే పడుతుంది. వారంలో రెండు మూడుసార్లు కక్కుతున్నా, తగ్గింది లెమ్మనుకోకుండా సర్జన్‌కు చెప్పాలి.

ఆర్‌ఎంపీ దగ్గరికి పోవద్దు అనట్లేదు. అర్ధరాత్రి మన ఊళ్లో తలుపు తీసేది ఆయనే. కానీ వాంతుల సూది చప్పుడును ఆపుతుంది, ఇరుకును ఆపదు. గ్లూకోజ్ బాటిల్ అంతకంటే ప్రమాదం. ఒంట్లో బీ1 నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. చక్కెరను ఖర్చు చేయడానికి ఒంటికి ఆ బీ1 కావాలి. రోజుల తరబడి కక్కిన మనిషికి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడుకు దెబ్బ తగలొచ్చు. బాటిల్ మీద డీఎన్‌ఎస్ అని ఉన్నా అందులో ఉండేది గ్లూకోజే. "నాకు కడుపు ఆపరేషన్ అయింది, పది రోజులుగా వాంతులు, ముందు బీ1 ఇంజక్షన్ ఇవ్వండి" అని మీరే చెప్పాలి. షుగర్ బాగా పడిపోయినప్పుడు గ్లూకోజ్ ఆపమని కాదు. దాంతోపాటే బీ1 ఇవ్వమని.

కళ్లు మసక, ఒకటి రెండుగా కనిపించడం, తూలడం, పేరు మర్చిపోవడం, అరికాళ్ల మంట: ఇవి నీరసం కాదు. ఆ గంటలోనే పెద్దాసుపత్రికి.

ఇంకా మిగిలినవి, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

పెళ్లికి పోతే ఇంట్లోనే తిని పోండి. "ఒక్క ముద్దనే గదా, ఏంగాదు" అనే పెద్దమ్మ ప్రతి పెళ్లిలో ఉంటుంది, చేతులు జోడించి జరిగిపోండి.

మటన్, ఎండిన చికెన్ ముక్క, చపాతీ, బ్రెడ్డు, కొబ్బరి, ములక్కాడ ఇరుక్కునేవి. మెత్తగా ఉడికిన అన్నం కూడా ఇరుక్కుంటుంది, ముద్ద కడుతుంది కాబట్టి.

సకినాలు తినొచ్చు గానీ పిండయ్యేదాకా నమిలి.

తింటూ నీళ్లు తాగొద్దు. తిన్నాక అరగంట ఆగండి.

ముద్ద మీ బొటనవేలి గోరంత. ఇరవైసార్లు నమలాలి. ఫోన్ చూస్తూ తినొద్దు, నమలడం మర్చిపోతారు.

సోడా, కూల్ డ్రింక్ వద్దు. కల్లు అసలే వద్దు.

బ్యాండ్ అన్నాన్ని ఆపుతుంది, ఐస్‌క్రీమ్‌ను, బాదం పాలను ఆపదు.

ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గోలీలు మెడికల్ షాపులో అడిగి కొనొద్దు. కడుపులో పుండు పడి పట్టీ కడుపు లోపలికి కోసుకుపోవచ్చు. పారాసిటమాల్ చాలు.

పెద్ద గోలీలు పొడి చేసుకోవచ్చా అని అడిగి తెలుసుకోండి. నెమ్మదిగా కరిగే బీపీ గోలీని నూరొద్దు.

బీపీ గోలీ మోతాదు నెలకోసారి చూపించుకోండి. బరువు తగ్గుతుంటే పాత మోతాదుకే కళ్లు తిరుగుతాయి, ఎండలో మరీ.

రోజుకు లీటరున్నర నీళ్లు, గుక్క గుక్కగా, సీసా పక్కనే పెట్టుకుని. మూత్రం ముదురు పసుపైతే చాలట్లేదని అర్థం.

ఒక్కపొద్దులు మొదటి ఆరు నెలలు వద్దు.

ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. వస్తే కక్కుడు వేవిళ్లదనుకోవద్దు, వెంటనే చూపించుకోండి.

విటమిన్ గోలీలు ఎప్పటికీ వేసుకోవాల్సిందే. "ఇప్పుడు బాగనే ఉన్న గదా" అని మానొద్దు.

పోర్టు ఉన్నచోట ఎర్రబడితే, చీము పడితే పసుపు పట్టించొద్దు. నెలల తర్వాత వచ్చిందంటే పట్టీ కడుపు లోపలికి కోసుకుపోయిందేమో చూడాలి.

బ్యాండ్ కంపెనీ, పోర్టు ఎటువైపు ఉందో, ఎన్ని సీసీలు ఎక్కించారో రాసిన కాగితం పర్సులో ఉండాలి. కొన్ని బ్యాండ్లలో 4 సీసీలే పడతాయి, కొన్నిట్లో 14. చూసే డాక్టర్‌కు అది తెలియాలి.

సర్జన్ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, మీ ఇంటాయన ఫోన్‌లో, పెద్దపిల్ల ఫోన్‌లో కూడా సేవ్ చేయండి. కక్కినట్టు తెలిస్తే మిమ్మల్ని అడగకుండానే ఫోన్ చేయమని ఇవాళే చెప్పి పెట్టండి. నల్లా చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తే బాత్రూం తలుపు కొట్టమనండి.