ఒకటే నాగ్రాండ్, రెండు ఆకాశాలు: గేమ్ ఎక్స్‌పాన్షన్ల వాతావరణాన్ని పోల్చి చూడడం ఎలా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు ఇద్దరు కలిస్తే ఈ వాదన వచ్చి తీరుతుంది: ఏ ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి కొత్త చోట్లు కలిపే పెద్ద చేర్పు) బాగుంది చూడడానికి? ఒకరు నార్త్‌రెండ్ మంచు అంటారు, ఇంకొకరు పండారియా కొండలంటారు. అప్పుడు మన వయసెంత, రాత్రిళ్లు ఎవరితో కలిసి ఆడాం అన్నదే ఆ జవాబుల్లో సగం. జ్ఞాపకాలతో నాకేం పేచీ లేదు. కానీ ఒక చోటు మన మీద ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే మళ్లీ వెళ్లి, నిలబడి చూడాలి.

అందుకు ఈ గేమ్ బాగా పనికొస్తుంది. 2004లో మొదలైంది. 2007 నాటి బర్నింగ్ క్రూసేడ్ నుంచి 2024 నాటి ది వార్ వితిన్ దాకా పది ఎక్స్‌పాన్షన్లు వచ్చాయి. పాత ఖండాలు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. 20వ లెవెల్ దాకా ఉచితం. సబ్‌స్క్రిప్షన్ కడితే పాత ఎక్స్‌పాన్షన్లను విడిగా కొనక్కర్లేదు.

1. ఎక్స్‌పాన్షన్‌ని కాదు, ఒక్క చోటుని ఎంచుకోండి

మొత్తం ఎక్స్‌పాన్షన్‌ని ఇంకో ఎక్స్‌పాన్షన్‌తో పోల్చాలని కూర్చుంటే పని తెమలదు. జత కావాలి. అన్నిటికన్నా మంచి జత నాగ్రాండ్ అనే గడ్డి మైదానం. మొదటి నాగ్రాండ్ 2007లో వచ్చిన అవుట్‌ల్యాండ్‌లో ఉంది. అవుట్‌ల్యాండ్ ఒక పగిలిపోయిన గ్రహం. దాని అసలు పేరు డ్రేనోర్. 2014 నాటి వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనోర్ మనల్ని వేరే కాలరేఖలోకి, ఆ గ్రహం ఇంకా పగలని రోజుల్లోకి తీసుకెళ్తుంది. అంటే ఒకే పేరున్న ఒకే జోన్‌ని (గేమ్‌లో ఒక ప్రాంతాన్ని) ఏడేళ్ల తేడాతో రెండుసార్లు కట్టారు. హెల్‌ఫైర్ పెనిన్సులాకి జత టానాన్ జంగిల్. షాడోమూన్ వ్యాలీ కూడా రెండు చోట్లా ఉంది: మొదటిదాంట్లో పచ్చటి లావా, రెండోదాంట్లో ఎప్పుడూ వెన్నెలే.

అంత తిరిగే ఓపిక లేకపోతే బ్లాస్టెడ్ ల్యాండ్స్ అనే జోన్‌కి వెళ్లండి. అక్కడ జిడోర్మీ అనే పాత్ర ఉంటుంది. ఆమెతో మాట్లాడితే అదే నేల పాత రూపంలోకి మారుతుంది. అక్కడున్న డార్క్ పోర్టల్ అనే మాయద్వారం ఒక రూపంలో ఆకుపచ్చగా తిరుగుతుంది, ఇంకోదాంట్లో ఎర్రగా. రంగు ఒక్కటి మారితే భయం తీరు ఎలా మారుతుందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

2. షరతులు సమానం చేయండి

ఇక్కడే నేను బోర్లా పడ్డాను. ఒక నాగ్రాండ్ స్క్రీన్‌షాట్లు సాయంత్రం తీశాను, రెండోవి అర్ధరాత్రి దాటాక. "కొత్తది చాలా దిగులుగా ఉంది" అని రెండు పేజీలు రాసుకున్నాక గానీ వెలగలేదు, అక్కడ అప్పుడు రాత్రి అని! గేమ్‌లో పగలూ రాత్రీ సర్వర్ గడియారం ప్రకారం నడుస్తాయి. మనం యూరప్ సర్వర్‌లో ఆడుతున్నామనుకోండి, చలికాలంలో ఇక్కడ రాత్రి పది అయితే పారిస్ టైమ్ ప్రకారం అక్కడ సాయంత్రం ఐదున్నర. కాబట్టి రెండు చోట్లకీ సర్వర్ టైమ్ ఒకటే ఉండేలా చూసుకోండి. మినీమ్యాప్ దగ్గర గడియారం ఉంటుంది.

గ్రాఫిక్స్ సెట్టింగ్స్ కూడా ఒకసారి పెట్టాక ముట్టుకోకండి, ముఖ్యంగా ఎంత దూరం కనిపించాలో చెప్పే వ్యూ డిస్టెన్స్. వాన, పొగమంచు పడుతుంటే ఆగండి. ఆల్ట్, జెడ్ కలిపి నొక్కితే తెర మీది బటన్లన్నీ మాయమవుతాయి. స్క్రీన్‌షాట్లు గేమ్ ఫోల్డర్‌లోని స్క్రీన్‌షాట్స్‌లో చేరతాయి. వాటికి వెంటనే పేర్లు పెట్టుకోండి, లేకపోతే తర్వాత ఏది ఏదో తెలీదు.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ రోజు మీరు చూసే అవుట్‌ల్యాండ్ 2007లో జనం చూసింది కాదు. నీళ్లు తళతళలాడడం, దూరం వరకు కనిపించడం తర్వాత వచ్చినవి. నేల ఆకారం, రంగులు, ఆకాశం, ఏది ఎక్కడ పెట్టారన్నది మాత్రం అప్పటిదే. మనం పోల్చేది దాన్నే.

3. ముందు జోన్ నుంచి నడిచి రండి

పోర్టల్‌లో దూకి జోన్ నడిబొడ్డున దిగితే సగం పోయినట్టే. భోజనంలో పెరుగన్నం కమ్మదనం ముందు తిన్న ఆవకాయ మీద ఆధారపడినట్టు, ఒక జోన్ రుచి దాని ముందు జోన్ మీద ఆధారపడుతుంది.

బర్నింగ్ క్రూసేడ్‌లో ఆటగాడు మొదట హెల్‌ఫైర్ పెనిన్సులాలో గంటలకొద్దీ ఎర్రటి బీటల నేల తొక్కుతాడు. తర్వాత జంగర్‌మార్ష్: తాటిచెట్లను మించిన పుట్టగొడుగులు, నీలి చీకటి, చిత్తడి. ఆ తర్వాత టెరొకార్ అడవి, మధ్యలో తెల్లటి ఎముకల బీడు. ఇవన్నీ దాటాక నాగ్రాండ్ గడ్డి కనిపిస్తుంది. ఒక్కసారిగా ఊపిరి వదులుతాం. వార్‌లార్డ్స్‌లో నాగ్రాండ్‌కి వచ్చేది టాలడోర్ నుంచి. అక్కడ ఆకురాలు కాలపు నారింజ రంగు చెట్లు, అందమైన చోటే. అందం నుంచి అందంలోకి రావడం వల్ల రెండో నాగ్రాండ్‌కి ఆ మొదటి ఊరట దొరకదు. చెట్లు మెరుగ్గా గీసినా, గడ్డి ఒత్తుగా పెట్టినా ఆ లోటు తీరలేదని నా అభిప్రాయం.

మౌంట్ (స్వారీ జంతువు) ఎక్కకుండా పది నిమిషాలు నడవండి. నిమిషానికోసారి ఆగి పాత్ర కంటి ఎత్తులో కెమెరా పెట్టి ఒక స్క్రీన్‌షాట్ తీయండి. పక్కన కాగితం మీద ఒక్క ముక్క రాయండి: చూపు మొదట దేని మీద పడింది? నాగ్రాండ్‌లో దీనికి ఓషుగన్ పనికొస్తుంది. రెండు కాలాల్లోనూ ఉన్న స్ఫటిక పర్వతం అది. ఏ మలుపు దగ్గర మొదట కనిపిస్తుంది, ఎంతసేపు కనబడుతూ ఉంటుంది, ఎప్పుడు దాక్కుంటుంది అని రెండింట్లోనూ గుర్తు పెట్టుకోండి.

4. తల ఎత్తి చూడండి

గేమ్‌లో మనమంతా నేల మీదే కళ్లు పెట్టుకుని తిరుగుతాం. వాతావరణం మాత్రం ఎక్కువగా పైనుంచే దిగుతుంది. అవుట్‌ల్యాండ్‌లో ఆకాశానికి కప్పు ఊడిపోయినట్టుంటుంది: రంగు చారలు, గ్రహాలు, చుక్కలు. జోన్ అంచుకి నడిస్తే నేల తెగిపోయి కింద శూన్యం. నాగ్రాండ్‌లో గాలిలో తేలే రాళ్ల మీంచి జలపాతాలు కారుతుంటాయి, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరూ చెప్పరు. కింద ఇంత పచ్చగా ఉన్నా, ఈ గ్రహం చచ్చిపోయిందని పైన ఆకాశం చెబుతూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య గుంజాటనే 2007 నాగ్రాండ్ బలం. 2014 దాంట్లో పైన నీలాకాశం, కింద నిండు నేల. ఆరోగ్యంగా ఉన్న చోటు, కానీ లోపల ఏ రహస్యమూ లేనట్టుంటుంది.

ఆకాశమే లేని చోట ఏం చేశారో చూడాలంటే ది వార్ వితిన్‌లోని హాలోఫాల్‌కి వెళ్లండి. అది భూమి అడుగున ఉన్న గుహ. పైకప్పులో బెలెడార్ అనే పెద్ద స్ఫటికం సూర్యుడిలా వెలుగుతుంది. అప్పుడప్పుడు ఆ బంగారు వెలుగు ఊదారంగు చీకటిగా మారిపోతుంది. అది మారే క్షణానికి అక్కడ ఉండగలిగితే ముందొకటి, తర్వాతొకటి రెండు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వెలుగు ఒక్కటే మారి, మిగతాదంతా అలాగే ఉండే ఇంత శుభ్రమైన పరీక్ష ఇంకెక్కడా దొరకదు.

5. రంగులకు మన పేర్లు పెట్టండి

"పచ్చగా ఉంది" అంటే ఏమీ చెప్పనట్టే. చిలకపచ్చా, పాచి రంగా, వాన పడ్డ వారానికి మొలిచిన గడ్డి రంగా? అవుట్‌ల్యాండ్‌లో నెదర్‌స్టార్మ్‌ది నేరేడు పండు రంగు. పండారియాలో వేల్ ఆఫ్ ఎటర్నల్ బ్లాసమ్స్‌ది కోతకొచ్చిన వరిచేను రంగు. హెల్‌ఫైర్‌ది కాలిన ఇటుక. పేరు కోసం వెతుకుతుంటే కన్ను దానంతటదే సూటిగా చూస్తుంది.

తర్వాత అదే స్క్రీన్‌షాట్‌ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగు తీసేసినా దారి ఎటు, ముఖ్యమైన కట్టడం ఏది అని తెలుస్తోందా? తెలియకపోతే ఆ జోన్ రంగుల మీదే బతుకుతోందన్నమాట.

6. ఇప్పుడు ఎగరండి

ఎగరడం ఇంతవరకూ ఆపింది ఎందుకంటే, అది పోలికని తారుమారు చేస్తుంది. ఈ గేమ్‌లో ఎగిరే మౌంట్లు బర్నింగ్ క్రూసేడ్‌తోనే వచ్చాయి, అప్పట్లో అవుట్‌ల్యాండ్‌లో మాత్రమే. బ్లేడ్స్ ఎడ్జ్ పర్వతాల పైన ఎగిరితే తప్ప అందని చోట్లు పెట్టారు. వార్‌లార్డ్స్ విడుదలైనప్పుడు ఎగరనివ్వలేదు, 2015లో గానీ అనుమతి రాలేదు. అందుకే ఆ డ్రేనోర్‌లో నడిచేవాడి కంటికి తగ్గట్టు చెట్లూ రాళ్లూ మలుపులూ ఒత్తుగా ఉంటాయి. 2022 నాటి డ్రాగన్‌ఫ్లైట్‌లో మొదటి రోజు నుంచే వేగంగా దూసుకుపోయే డ్రాగన్ ఇచ్చారు. ఆ మైదానాలు అంత విశాలంగా ఎందుకున్నాయో దాని వీపు మీద కూర్చుంటే తెలుస్తుంది. అక్కడ నడిచి చూసి "ఖాళీగా ఉంది" అనడం అన్యాయం. ఏ జోన్‌ని ఏ వేగానికి కట్టారో ఆ వేగంతోనే తీర్పు చెప్పండి.

7. మ్యూజిక్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి

కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే మ్యూజిక్ ఆగుతుంది. నార్త్‌రెండ్‌లోని గ్రిజ్లీ హిల్స్‌లో ఇది చేసి చూడండి. ఆ పైన్ అడవి గొప్పదని వాదించేవాళ్లలో చాలామంది నిజానికి ఆ తీగల వాద్యం గొప్పదని వాదిస్తున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ని.

8. గేమ్ తెలియనివాళ్లకు చూపించండి

చివరగా రెండు చోట్ల నుంచి మూడేసి స్క్రీన్‌షాట్లు, పేర్లు లేకుండా, ఎప్పుడూ గేమ్ ఆడనివాళ్ల ముందు పెట్టండి. ఏది బాగుందని అడగొద్దు. ఇక్కడ ఏం జరిగి ఉంటుంది అని అడగండి. నేను మా అమ్మకి చూపించాను. 2014 నాగ్రాండ్ చూసి, "గడ్డి బాగుంది, గేదెల్ని తోలుకుపోవచ్చు" అంది. 2007 నాటి తేలే రాయినీ, దాని మీంచి కారుతున్న నీళ్లనీ చాలాసేపు చూసి, "ఆ నీళ్లు అయిపోతే ఏం చేస్తార్రా వాళ్లు?" అని అడిగింది.