పీడీఎఫ్ 2.0 నేర్చుకుందాం – 3వ పాఠం: బుక్‌మార్కులో తెలుగు పేరు

పోయిన పాఠంలో ఫైలు చివరి నుంచి మొదలుపెట్టి క్యాటలాగ్ (ఫైల్లోని మిగతా భాగాలకు దారి చూపే మూల భాగం) దాకా వచ్చాం. అక్కడి నుంచి ఈసారి బుక్‌మార్కుల్లోకి దిగుదాం. 2.0లోని కొత్త సంగతుల్లో, మీరు రాస్తున్న పీడీఎఫ్ ప్రోగ్రామ్‌కు ముందుగా చేర్చాల్సింది బుక్‌మార్కు పేర్లకు యూటీఎఫ్-8 వాడే వీలే అని నా అభిప్రాయం. కోడ్ కొంచెమే, తెలుగుకు మాత్రం నేరుగా పనికొస్తుంది.

2008లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైన పీడీఎఫ్ 1.7లో బుక్‌మార్కు పేరు రాయడానికి రెండే పద్ధతులు. ఒకటి పీడీఎఫ్ సొంత ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి), అందులో తెలుగు అక్షరాలు లేవు. రెండోది యూటీఎఫ్-16: ముందు 254, 255 అనే గుర్తు బైట్లు, ఆపైన ఒక్కో అక్షరానికి రెండేసి బైట్లు. 2017లో వచ్చిన 2.0 వీటికి యూటీఎఫ్-8ను చేర్చింది. దాని గుర్తు 239, 187, 191. (ఈ ప్రమాణం 2023 నుంచి పీడీఎఫ్ అసోసియేషన్ ద్వారా ఉచితంగా దొరుకుతోంది. తప్పక దించుకోండి.)

‘తెలుగు’ అనే మాటను లెక్కేయండి. గుణింతపు గుర్తులు కూడా విడి అక్షరాలే కాబట్టి మొత్తం ఆరు. గుర్తు బైట్లతో కలిపి యూటీఎఫ్-16లో 14 బైట్లు, యూటీఎఫ్-8లో 21. జాగా ఎక్కువ పడుతున్నప్పుడు లాభమేమిటంటారా? ‘న’ అక్షరం చూడండి.

యూటీఎఫ్-16లో ‘న’ అంటే 12, 40. ఆ 40 ఎడమ బ్రాకెట్ కూడా! పీడీఎఫ్‌లో స్ట్రింగులను (పేర్ల లాంటి పాఠ్యపు ముక్కలను) మామూలుగా బ్రాకెట్ల మధ్యే రాస్తారు. ‘నల్గొండ’ అని రాసి, ఆ 40కి ముందు బ్యాక్‌స్లాష్ (ఇది బ్రాకెట్ కాదు, మామూలు బైటే అని చెప్పే \ గుర్తు) పెట్టడం మరిచారనుకోండి. చదివే ప్రోగ్రామ్ లోపల ఇంకో బ్రాకెట్ తెరుచుకుందనుకుంటుంది, చివరి బ్రాకెట్‌ను దానికి జత చేస్తుంది. స్ట్రింగు ముగియక, పక్కనున్న డేటానూ మింగేస్తుంది. ఈ ఒక్క అక్షరం వెనక నేను రెండు రాత్రులు గడిపాను. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 లేదా ఆపైనే, అందుకే ఈ గొడవే రాదు.

ఇప్పుడు చదివే కోడ్. ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటే ముందు స్ట్రింగును డీక్రిప్ట్ చేయాలి (దాచిన డేటాను అసలు రూపంలోకి తేవాలి), ఆ తర్వాతే మొదటి బైట్లు చూడాలి. 239, 187, 191 ఉంటే యూటీఎఫ్-8. 254, 255 ఉంటే యూటీఎఫ్-16. రెండూ కాకపోతే పీడీఎఫ్ సొంత ఎన్‌కోడింగ్. చదివేటప్పుడు ఫైలు వెర్షన్ అడగొద్దు, గుర్తును నమ్మండి. రాసేటప్పుడు మాత్రం ఫైలు 2.0 అని ప్రకటించుకుంటేనే యూటీఎఫ్-8 వాడండి. పాత రీడర్లలో పేరు మొదట్లో తలకిందుల ప్రశ్నార్థకం కనిపిస్తే, అవి యూటీఎఫ్-8 గుర్తును పోల్చుకోలేక ఆ బైట్లను అక్షరాలుగా చూపిస్తున్నాయని అర్థం.

ఒక జాగ్రత్త. ఇదంతా బుక్‌మార్కులు, డాక్యుమెంటు శీర్షిక, అనొటేషన్ల (పేజీ మీద పెట్టే వ్యాఖ్యల) లాంటి చోట్లకే. పేజీ మీద కనిపించే పాఠ్యం ఫాంటు కోడ్‌లతో నడుస్తుంది, దాని జోలికి ఈ కోడ్ వెళ్లకూడదు.

అభ్యాసం: బుక్‌మార్కులున్న ఫైలును క్యూపీడీఎఫ్ టూల్‌తో క్యూడీఎఫ్ రూపంలోకి (ఎడిటర్‌లో చదివి మార్చగలిగే రూపంలోకి) మార్చి ఎడిటర్‌లో తెరవండి. ఒక పేరు తీసేసి, మీ ఊరి పేరును యూటీఎఫ్-8 గుర్తు బైట్లతో మొదలుపెట్టి, హెక్స్‌లో (ఒక్కో బైటును 16 ఆధారంగా రెండు అంకెలుగా రాస్తూ) కోణాకార బ్రాకెట్ల మధ్య రాయండి. మొదటి లైన్లో వెర్షన్ 2.0 చేయండి. ఫిక్స్-క్యూడీఎఫ్ నడిపితే చెదిరిన ఆఫ్‌సెట్లు (ఫైల్లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెలు) సర్దుకుంటాయి. ఫైర్‌ఫాక్స్‌లోనూ మీ ప్రోగ్రామ్‌లోనూ తెరిచి పోల్చండి. తర్వాత గుర్తు బైట్లు మాత్రమే ఉన్న పేరు, అక్షరం మధ్యలో తెగిపోయిన పేరు కూడా పెట్టి చూడండి. మొదటిది ఖాళీగా రావాలి, రెండోదానికి ప్రోగ్రామ్ ఆగిపోకూడదు.

ఈ మూడు ఫైళ్లూ దాచుకోండి. వచ్చే పాఠంలో వీటికే 256 బిట్ల ఏఈఎస్ (డేటాను దాచే ఒక ప్రామాణిక పద్ధతి) వాడి పాస్‌వర్డ్ పెడదాం.