వార్డులో పనికొచ్చే లైబ్రరీ అప్‌డేట్ తయారు చేయడం ఎలా

2021 మే 17న కోవిడ్ చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మా థెరపీని (కోలుకున్నవాళ్ల ప్లాస్మాని రోగికి ఎక్కించడాన్ని) కేంద్రం తీసేసింది. ఆ తర్వాత రెండు వారాలకి ఏదో పని మీద మా ఆసుపత్రి కోవిడ్ వార్డుకి వెళ్తే, నర్సింగ్ స్టేషన్ గోడకి ఏప్రిల్‌లో నేను ప్రింటు తీసి పంపిన కాగితం అలాగే అతికించి ఉంది. అందులో ప్లాస్మా ఇంకా ఉంది. ఆ రోజుల్లో ప్లాస్మా దాతల కోసం జనం వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. డాక్టర్లకి మార్పు సంగతి తెలుసు కాబట్టి ఆ కాగితం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త కాగితం నేను పంపాను, పాతది మాత్రం ఎవరూ తీయలేదు, తీయాలని నేను చెప్పనూ లేదు.

మెడికల్ కాలేజీల్లో, పెద్దాసుపత్రుల్లో లైబ్రరీ చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిబ్బంది చేసిన పరిశోధనలు, అంటువ్యాధి సమయంలో పనికొచ్చే వనరులు, ఈ రెండూ కలిపి నెలకొకటి, అవసరమైతే వారానికొకటి ఎలా పంపాలో నాకు అనుభవంలో తెలిసినంత చెప్తాను. రెండూ ఒకే కాగితంలో ఎందుకంటే, తమ డిపార్ట్‌మెంట్‌వాళ్ల పేరు ఉందేమోనని అందరూ తెరిచి చూస్తారు, పక్కనే ఉన్న మార్గదర్శకం మార్పు కూడా అప్పుడే కంట్లో పడుతుంది. మార్గదర్శకాలు మాత్రమే పంపినప్పుడు మా దగ్గర ఎవరూ తెరిచేవారు కాదు.

మనవాళ్ల పేపర్లు పట్టుకోవడం

మొదట వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో మీ సంస్థ పేరుతో వెతకండి. పేరు కొటేషన్లలో పెట్టి, పక్కన చదరపు బ్రాకెట్లలో ఎ, డి అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేస్తే రచయితలు ఎక్కడ పనిచేస్తున్నారన్న వివరంలోనే వెతుకుతుంది. ఇది చాలా సులువే కానీ పేర్లతోనే తంటా. గాంధీ మెడికల్ కాలేజీ అని కొడితే సికింద్రాబాద్‌తో పాటు భోపాల్‌లో అదే పేరుతో ఉన్న కాలేజీ పేపర్లు కూడా వచ్చేస్తాయి, కాబట్టి ఊరి పేరు కలపాలి. ఊరి పేరు కలిపితే ఇంకో చిక్కు: విశాఖపట్నం అని ఒకరు రాస్తారు, వైజాగ్ అని ఇంకొకరు, ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎక్కువ పెట్టి రాసేవాళ్లు మరికొందరు. అనంతపురం, రాజమండ్రి కూడా అంతే, రాజమండ్రికైతే రాజమహేంద్రవరం అని వేరే వెతకాలి. మీ ఊరికి, మీ కాలేజీకి ఎన్ని స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయో ఒకరోజు కూర్చుని రాసుకోండి. వాటన్నిటినీ మధ్యలో ‘ఆర్’ (‘లేదా’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట OR) పెట్టి ఒకే వెతుకులాటగా మార్చి, ఉచిత ఖాతా తెరిచి అలర్ట్ పెట్టేస్తే కొత్త పేపర్ల జాబితా వారం వారం మెయిల్‌కి అదే వస్తుంది.

తర్వాత మనుషుల పేర్లు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, జర్నళ్లకేమో అది చివర ఉండాలి. శ్రీనివాసరావు అనే ఒకే డాక్టరు ఒక పేపర్‌లో రావు కె.ఎస్. అవుతారు, ఇంకోదాంట్లో శ్రీనివాస్ కె., మరోదాంట్లో ఇంటిపేరు పూర్తిగా రాసి ఎస్.ఆర్. ముగ్గురూ ఒకరేనని కంప్యూటర్‌కి తెలియదు. దీనికి నాకు పనిచేసిన మందు ఆర్కిడ్ నంబరు ఒక్కటే. 16 అంకెల ఉచిత గుర్తింపు అది, తీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. పీజీలు చేరిన మొదటి నెలలోనే లైబ్రరీ పరిచయానికి వస్తారు కదా, అప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని చేయించేయండి. పేపర్ల మీద ఏ పేరు వాడాలో కూడా ఆ రోజే నిర్ణయించుకోమనండి. తర్వాత చేద్దామంటే జరగదు.

పబ్‌మెడ్‌లో రానివి చాలా ఉంటాయి. నర్సింగ్ కాలేజీ డిసర్టేషన్లు, రాష్ట్ర సదస్సులో పెట్టిన పోస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు చేసిన చిన్న ఆడిట్లు, ఇవేవీ అలర్ట్‌లో దొరకవు. కాళ్లకి పని చెప్పాల్సిందే. ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శితో మంచిగా ఉంటే ఏ అధ్యయనాలకి అనుమతి వచ్చిందో తెలుస్తుంది, క్లినికల్ ట్రయల్స్ అయితే మన దేశంలో వాటిని నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతకొచ్చు. హెడ్ నర్సుల్ని నెలకోసారి కలిసి “మీవాళ్లు ఎవరైనా ఏదైనా చేశారామ్మా” అని అడగండి. మొదటి రెండు నెలలు ఏమీ లేదంటారు. ఒక స్టాఫ్ నర్సు చేసిన చేతుల శుభ్రత ఆడిట్‌ని మేము పేరుతో సహా మొదటి అంశంగా వేశాక, మూడో నెల నుంచి వాళ్లే లైబ్రరీకి రావడం మొదలుపెట్టారు. నా వరకు ఈ మొత్తం పనిలో ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

ఒక్కో పేపర్‌కి మూడు వాక్యాలు చాలు: ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు చేశారు, ఎంతమంది రోగుల మీద చేశారు, ఏం తేలింది. ‘అద్భుత విజయం’ లాంటి మాటలు వద్దు. 30 మంది మీద చేసిన అధ్యయనమైతే 30 మంది అనే రాయండి, చదివే డాక్టరుకి ఆ అంకె ఒక్కటే ఎంతో చెప్తుంది. కేస్ రిపోర్ట్ అయితే రోగి ఫొటో గానీ, ఊరు, వయసు, జబ్బు కలిపి మనిషిని గుర్తుపట్టేలా గానీ పెట్టకండి. పేపర్‌లో సమ్మతి తీసుకున్నారని ఉన్నా మన కాగితం గోడకి అంటించేది కదా.

అంటువ్యాధి వనరులు: ఏది పైన, ఏది కింద

ఇక్కడ వరుస ముఖ్యం. నేను పైన పెట్టేది రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉత్తర్వు, దాని తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థవి. వాటి కింద ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసే కాక్రేన్ లాంటి సమీక్షలు, ఇంకా కింద విడి పేపర్లు. ప్రిప్రింట్లు (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లు) అన్నిటికంటే అడుగున, ‘ఇంకా నిపుణుల సమీక్ష జరగలేదు’ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంటేనే. చాలా వారాలు నేను అవి వేయనే లేదు, దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

సమీక్ష జరిగినంత మాత్రాన పని అయిపోదు. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పెద్ద పేపర్ వచ్చింది. ఆ మందు వేసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువని దాని సారాంశం. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ భాగాన్ని ఆపేసింది. సర్జిస్ఫియర్ అనే సంస్థ ఇచ్చిన ఆ సమాచారాన్ని సరిచూసుకోవడానికి వీల్లేదని తేలడంతో జూన్ 4న పేపర్‌నే వెనక్కి తీసుకున్నారు. అంటే 13 రోజులు. నెలవారీ కాగితంలో అలాంటి పేపర్ ఎక్కితే, అది వెనక్కి వెళ్లిన సంగతి వార్డుకి చేరేసరికి ఇంకో నెల పడుతుంది. అందుకే పంపే రోజు ఉదయం ప్రతి పేపర్‌నీ పబ్‌మెడ్‌లో మళ్లీ తెరిచి చూడండి, వెనక్కి తీసుకున్నదైతే పైనే కనబడుతుంది. పేపర్లు దాచుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే అది కూడా హెచ్చరిస్తుంది. గతంలో మీరు పంపినది ఏదైనా వెనక్కి వెళ్తే, నెలాఖరు దాకా ఆగకుండా అదే రోజు కబురు చేయండి.

ఇంకో జాగ్రత్త, సగం వాక్యం రాయొద్దు. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితం వచ్చినప్పుడు ‘డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుంది’ అని రాస్తే అది సగం మాట. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మేలు కనబడలేదు. ఆ మూడో ముక్క వదిలేస్తే ఏమవుతుందో మనం చూశాం. రెండో వేవ్‌లో ఇళ్ల దగ్గర సొంతంగా స్టెరాయిడ్లు వాడినవాళ్లు ఎంతమందో, షుగర్ ఉన్నవాళ్లలో బ్లాక్ ఫంగస్ ఎలా విరుచుకుపడిందో, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు ఆ రోజులు ఎలా గడిచాయో. కాబట్టి ప్రతి ఫలితం పక్కన ‘ఎవరికి’, ‘ఎవరికి కాదు’ రెండూ ఉండాలి.

డోసులు మాత్రం మనం మళ్లీ టైప్ చేయకూడదు, ఒక దశాంశ బిందువు అటూ ఇటూ అయితే మందు పదింతలవుతుంది. మూల పత్రంలో ఏ పేజీలో ఉందో రాసి, క్యూఆర్ కోడ్ పెట్టండి. వెళ్లే ముందు ఒక ఫిజీషియన్ చదివి సంతకం పెట్టాలి. మా దగ్గర జనరల్ మెడిసిన్‌లో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పది నిమిషాలు కేటాయించేవారు, ఆ పది నిమిషాల్లో నా తప్పులు చాలా దొరికాయి.

పరిశోధన, చికిత్స రెండూ ఒకే కాగితంలో ఉండాలని నేను గట్టిగా అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఆ ప్లాస్మానే. ఐసీఎంఆర్ చేసిన ప్లాసిడ్ ట్రయల్ మన దేశంలో 39 ఆసుపత్రుల్లో, 464 మంది రోగుల మీద జరిగింది. ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని 2020 అక్టోబర్‌లోనే బీఎంజే అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. మార్గదర్శకం మారింది ఏడు నెలల తర్వాత. మనలాంటి ఆసుపత్రుల్లో డ్యూటీ చేస్తూనే రక్త నమూనాలు తీసి, ఫారాలు నింపినవాళ్ల పని అది. అలాంటి పనిని ప్రతి వార్డుకీ సకాలంలో చేర్చడం లైబ్రరీ బాధ్యత.

పూర్తి పేపర్ దొరక్కపోతే

ప్రభుత్వ కాలేజీ అయితే ముందు జర్నళ్లకి కేంద్రమే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం చూడండి. 2025 జనవరి 1న మొదలైంది, 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు సుమారు 13,000 అందులో ఉన్నాయి. మీ కాలేజీ నమోదైందో లేదో కనుక్కుని, డాక్టర్లకి లాగిన్ ఎలాగో ఒకసారి చూపించండి, ఉందని తెలియక డబ్బు కట్టబోయినవాళ్లని నేను చూశాను. ప్రైవేటు ఆసుపత్రివాళ్లకి పూర్తి పేపర్లు ఉచితంగా ఉండే పబ్‌మెడ్ సెంట్రల్, ఉచిత కాపీని వెతికి చూపించే అన్‌పేవాల్ ఉన్నాయి. రెండూ కుదరకపోతే రచయితకే మెయిల్ రాయండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

కాగితం ఎలా ఉండాలి

ఒకటే పేజీ. మా మొదటి సంచిక 14 పేజీల పీడీఎఫ్, దాన్ని చివరిదాకా చదివిన మనిషి నాకు దొరకలేదు. పైన తేదీ పెద్దగా, సంచిక నంబరు, దాని కిందే ‘ఈ నెల మారినవి’, ‘ఈ నెల తీసేసినవి’ అని రెండు వరుసలు. తీసేసినవి ముందు చదివేలా పెట్టండి. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న నర్సు ఫోన్‌లో చూస్తుంది కాబట్టి వాట్సాప్‌కి పీడీఎఫ్‌తో పాటు ఫొటోగా కూడా పంపాలి, అక్షరాలు జూమ్ చేయకుండా కనబడాలి.

వెనక వైపు తెలుగులో రాయండి. వార్డు బాయ్‌లు, శానిటేషన్ సిబ్బంది, సెక్యూరిటీ వాళ్లు కూడా అదే గాలి పీలుస్తున్నారు, వాళ్లకి ఇంగ్లిష్ మార్గదర్శకం వల్ల ఉపయోగం లేదు. పీపీఈ ఏ వరుసలో విప్పాలి, మాస్క్ ఎప్పుడు మార్చాలి, వాడిన గ్లౌజులు ఏ రంగు సంచిలో వేయాలి, ఇవి బొమ్మలతో ఇవ్వండి. తెలుగు అనగానే గ్రాంథికంలోకి వెళ్లకండి. ‘ఆక్సిజన్ లెవెల్’ అంటే అందరికీ తెలుసు, దానికి కొత్త మాట కనిపెడితే ఎవరికీ అర్థం కాదు. అచ్చుకి ముందు ఒక శానిటేషన్ వర్కర్‌తో పైకి చదివించి, ఎక్కడ ఆగారో అక్కడ మార్చండి.

ఇక ఆ గోడ సంగతి. ఇప్పుడు మేము నెలకో రంగు కాగితం వాడుతున్నాం, ఈ నెల పసుపు అయితే వచ్చే నెల లేత ఆకుపచ్చ, పాతది దూరం నుంచే తెలిసిపోతుంది. కొత్తది ఎవరి చేతికీ ఇచ్చి రాను. మొదటి సోమవారం రౌండ్స్ మొదలయ్యేలోపు నేనో మా అటెండరో టేపు పట్టుకుని వార్డు వార్డుకీ వెళ్లి, పాతది ఊడదీశాకే కొత్తది అంటిస్తాం. ఎన్ని అంటించామో అన్ని పాతవి వెనక్కి రావాలి, లెక్క తగ్గితే ఎక్కడో ఒకటి మిగిలిపోయినట్టే, వెతుకుతాం. వాటిలో ఒక కాపీ మాత్రం ఫైల్‌లో పెట్టి మిగతావి చించేస్తాం. 2020, 2021 ఫైళ్లు ఇప్పటికీ లైబ్రరీలో ఉన్నాయి, ఏ వారంలో వార్డువాళ్లకి ఏం తెలుసో చూడటానికి పీజీలు థీసిస్ రాసేటప్పుడు వచ్చి అడుగుతుంటారు.