ఐపుట్ చేర్చే ముందు ఒక్క నిమిషం

లినక్స్ ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో రిఫరెన్స్ లీక్ (‘ఇది నేను వాడుతున్నాను’ అని పెట్టిన లెక్కను, అంటే రిఫరెన్స్‌ను, వదలడం మరిచిపోవడం) కనిపించగానే, ఎర్రర్ దారిలో (ఏదైనా విఫలమైతే నడిచే కోడ్‌లో) ఒక ఐపుట్ (iput, ఐనోడ్ రిఫరెన్స్‌ను వదిలే ఫంక్షన్) చేర్చి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. లీక్ ఉంటే ఐనోడ్ (ఒక ఫైల్ వివరాలను కెర్నల్ ఉంచుకునే నిర్మాణం) మెమరీలో ఉండిపోతుంది, అన్‌మౌంట్ చేసేటప్పుడు ‘బిజీ ఐనోడ్స్’ అని కెర్నల్ మొత్తుకుంటుంది. అదే ఐపుట్ ఒకటి ఎక్కువైతే, ఇంకెవరో వాడుకుంటుండగానే ఆ ఐనోడ్ ఫ్రీ అయిపోతుంది. ఆ తర్వాత క్రాష్ ఎక్కడ వస్తుందో, ఎవరి డేటా పాడవుతుందో చెప్పలేం. నా దృష్టిలో లీకే నయం.

అందుకే ఆ లైన్ దగ్గర రిఫరెన్స్ ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోండి. ఫైల్‌సిస్టమ్ రూట్ డైరెక్టరీకి డెంట్రీ (పేరును ఐనోడ్‌తో కలిపే నిర్మాణం) తయారుచేసే డీ_మేక్_రూట్ (d_make_root) సంగతే చూడండి. దానికి ఐనోడ్ ఇచ్చాక, డెంట్రీ తయారుకాక నల్ (ఖాళీ పాయింటర్) వచ్చినా సరే, మనం ఇచ్చిన రిఫరెన్స్‌ను అదే వదిలేస్తుంది. రూట్ రాలేదు కదా అని కింద మనమూ ఐపుట్ రాస్తే రెండుసార్లు వదిలినట్టు. అంతకుముందున్న డీ_అలాక్_రూట్ ఇలా కాదు, విఫలమైతే వదలాల్సింది మనమే. పాత కోడ్ చూసి నేర్చుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. పాత కెర్నల్‌కి ప్యాచ్ తీసుకెళ్తుంటే, ఆ వెర్షన్‌లో ఫంక్షన్ తెరిచి చదవాల్సిందే.

ఐనోడ్‌ను వెతికి, లేకపోతే కొత్తది తయారుచేసే ఐగెట్_లాక్డ్ (iget_locked) కొత్త ఐనోడ్ ఇచ్చి, డిస్క్ నుంచి చదవడం కుదరకపోతే ఐగెట్_ఫెయిల్డ్ (iget_failed) పిలవండి. అది ఐనోడ్‌ను చెడ్డదని గుర్తుపెట్టి, దానికోసం ఆగినవాళ్లను లేపి, ఆ తర్వాత ఐపుట్ చేస్తుంది.

ఐపుట్‌కి నల్ ఇచ్చినా పర్వాలేదు, ఎర్రర్ పాయింటర్ (ఎర్రర్ కోడ్‌ను మోసే పాయింటర్) ఇస్తే మాత్రం క్రాషే. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని లాక్) పట్టుకుని పిలవకండి, చివరి ఐపుట్ నిద్రపోవచ్చు. ఎర్రర్ మెసేజ్‌లో ఐనోడ్ నంబర్ ప్రింట్ చేయాలంటే ఐపుట్‌కి ముందే చేయండి. ఈ రెండు లైన్లు తారుమారైన కోడ్ రివ్యూలో కంటికి ఆనదు, చూడ్డానికి అంత మామూలుగా ఉంటుంది.

టెస్టింగ్ క్యూఈఎంయూ (QEMU) అనే వర్చువల్ మెషీన్‌లోనే, అక్కర్లేని డిస్క్ ఇమేజ్ మీద. కేఏశాన్ (KASAN, మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి, ఫెయిల్‌స్లాబ్‌తో (failslab) మెమరీ కేటాయింపులు కావాలనే విఫలం చేయిస్తూ మౌంట్, అన్‌మౌంట్ వందలసార్లు తిప్పండి. మీరు ముట్టుకున్న ఎర్రర్ దారి మామూలుగా నడవనే నడవదు, ఇలా నడిపించాల్సిందే. ప్యాచ్ వివరణలో రిఫరెన్స్ ఏ లైన్లో పుట్టింది, ఎవరికి చేరింది, ఎక్కడ వదిలారు అన్నది వరసగా రాయండి. రాయలేకపోతే ప్యాచ్ ఇంకా పంపకండి.