వైద్య నింజాయే డిటెక్టివ్ అయితే

నింజా మాంగాలో, అంటే జపనీస్ కామిక్స్‌లో, వైద్యం చేసే నింజా చేత దర్యాప్తు చేయించాలంటే ముందు విషమేదో తేల్చుకోండి. జపాన్ కొండల్లో పెరిగే ‘తోరికబుతో’ అనే మొక్క, అంటే మన వత్సనాభి జాతిది, చక్కగా సరిపోతుంది: మొదట పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత గుండె లయ తప్పుతుంది.

19 పేజీల అధ్యాయంలో ఆ తిమ్మిరి 3వ పేజీకే రావాలి. టీ తాగుతూ పెదవి తడుముకునే చిన్న ఫ్రేమ్ చాలు, డైలాగ్ వద్దు. గుట్టు 16వ పేజీలో, అంటే కుడివైపు పేజీలో, విప్పండి. మాంగాను కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి పేజీ తిప్పగానే ముందు కంటపడేది కుడి పేజీయే.

చాలా కథలు చెడేది చికిత్స దగ్గరే. వైద్య నింజా అరచేతి నుంచి వచ్చే మాయా వెలుగుతో రోగికి క్షణంలో నయమైపోతే ఇక దర్యాప్తెందుకు? విషం పేరు తెలిస్తేనే ఆ శక్తి పనిచేస్తుందని హద్దు పెట్టండి. ఫైట్ 5 పేజీలు దాటనివ్వకండి.