బాత్రూమ్‌కు మీరే టైల్స్ వేసుకోవడం ఎలా?

టైల్ వేస్తే నీళ్లు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. టైల్ ఆపుతుంది గానీ టైళ్ల మధ్య సందులు ఆపవు. ఆ సందులు నింపే సిమెంట్ గ్రౌట్ గుండా తడి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతూనే ఉంటుంది. పక్కగది గోడకు చెమ్మ పట్టినా, కింది గది సీలింగ్ పెచ్చులూడినా చాలాసార్లు కారణం టైల్ అడుగున ఎగ్గొట్టిన పనే. అందుకే అసలు శ్రమంతా మొదటి టైల్ అంటించకముందే ఉంటుంది.

సామాను లెక్క

నేల, గోడల వైశాల్యం కొలిచి 10 శాతం అదనంగా కొనండి. టైళ్లను మూలవాటంగా వేసేట్టయితే 15 శాతం కలపాలి. పెట్టెలన్నిటి మీదా షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటే ఉండాలి. నేలకు మెరుపు టైల్ వద్దు. జారకుండా ఆపే రేటింగ్ ఆర్10 లేదా అంతకు మించి ఉన్న మ్యాట్ రకం తీసుకోండి.

టైల్ అంటించే అడ్హెసివ్ పొడి 3 మి.మీ. మందాన చదరపు మీటరుకు సుమారు 4.5 కిలోలు పడుతుంది. అంటే 20 కిలోల బస్తా నాలుగు చదరపు మీటర్లకు కాస్త పైన వస్తుంది. గోడ వంకరగా ఉంటే ఇంకా తాగుతుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంట్ దాన్ని గట్టిగా పట్టుకోదు. పాలిమర్ కలిసిన అడ్హెసివే వాడాలి. టైళ్లను నీళ్లలో నానబెట్టే అలవాటు సిమెంట్ మాలుతో వేసే సిరామిక్ టైళ్లది. ఇక్కడ దాన్ని వదిలేయండి.

పగలగొట్టడం, పైపులు

నీళ్ల వాల్వు, కరెంటు రెండూ ఆపండి. డ్రెయిన్‌లో ముక్కలు పడకుండా గుడ్డ కుక్కండి. కళ్లద్దాలు, దుమ్ము మాస్కు తప్పనిసరి. పాత టైళ్లు తీశాక గోడంతా సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్లగా మోగిన ప్లాస్టరింగ్‌ను మొహమాటం లేకుండా రాల్చేసి మళ్లీ చేయండి. దాని మీద ఎంత మంచి టైల్ అంటించినా ప్లాస్టరింగ్‌తో సహా ఊడుతుంది.

పైపులు మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చాలి. కొత్త లైన్‌ను ప్రెషర్ పంపుతో పరీక్షించి, గేజ్ ముల్లు దిగకుండా నిలిచిందని చూశాకే గాడులు పూడ్చండి.

వాలు

నేల మీటరుకు 10 నుంచి 12 మి.మీ. చొప్పున డ్రెయిన్ వైపు దిగాలి. డ్రెయిన్ తలుపుకు రెండు మీటర్ల దూరంలో ఉంటే తలుపు దగ్గర గచ్చు 20 నుంచి 24 మి.మీ. ఎత్తులో ఉండాలి. అలా ఎత్తు పెరిగాక కూడా బాత్రూమ్ నేల బయటి గదికంటే కిందే ఉండాలి. గోడలన్నిటి మీదా ఒకే మట్టంలో గీత గీసుకుని, ఆ గీత నుంచి కిందికి కొలుస్తూ గచ్చు చేస్తే తప్పు జరగదు.

ఈ వాలు గచ్చులోనే తేవాలి. అడ్హెసివ్‌ను ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వేసి తెద్దామనుకుంటే మందంగా ఉన్నచోట అది ఆరుతూ కుంచించుకుని టైల్‌ను కిందికి లాగుతుంది. ఆ గుంటలోనే నీళ్లు నిలుస్తాయి. డ్రెయిన్ నేల మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాలు రావాలి. పెద్ద టైల్ అలా వంగదు కాబట్టి అక్కడ చిన్న టైళ్లు గానీ మొజాయిక్ గానీ వాడండి.

వాటర్‌ప్రూఫింగ్

గచ్చు, ప్లాస్టరింగ్ గట్టిపడ్డాక దుమ్ము పూర్తిగా ఊడ్చండి. నేల గోడలను కలిసే మూలల్లో, పైపుల చుట్టూ, డ్రెయిన్ అంచున ముందుగా ఫైబర్ టేప్‌ను వాటర్‌ప్రూఫ్ పూతలో ముంచినట్టు అతికించాలి. లీకులు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. తర్వాత నేలంతా, గోడల మీద కనీసం 30 సెం.మీ. ఎత్తు వరకు, షవర్ ఉన్నచోట షవర్ తల ఎత్తు దాటేదాకా రెండు కోట్లు వేయండి. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి.

ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చాక డ్రెయిన్ మూసి, మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నింపి 24 గంటలు వదలండి. మట్టం గుర్తు పెట్టుకోండి. కొద్దిగా ఆవిరి కావడం మామూలే. స్పష్టంగా దిగినా, కింద గానీ పక్కగోడకు గానీ తడి కనిపించినా ఆగి సరిచేయండి. ఈ ఒక్కరోజును మిగుల్చుకోవాలని దయచేసి చూడవద్దు.

టైళ్లు పరచడం

ముందుగా ఏమీ అంటించకుండా స్పేసర్లతో (టైళ్ల మధ్య సందు సమానంగా ఉంచే చిన్న ముక్కలు) సహా పేర్చి చూడండి. ఒక అంచున సన్నటి పేలిక ముక్క మిగిలితే వరుసను అర టైల్ పక్కకు జరిపి, రెండు చివర్లా పెద్ద ముక్కలు వచ్చేలా చూసుకోండి.

గోడ టైళ్లు రెండో వరుస నుంచి మొదలుపెట్టండి. పూర్తయ్యాక నేల ఉండే మట్టాన్ని దాని అతి తక్కువ చోటు నుంచి కొలిచి, ఒక టైల్ ఎత్తుకంటే కాస్త తక్కువ ఎత్తులో, రెండో వరుస ఆనడానికి తిన్నని చెక్కపట్టీని మట్టంగా నిలపండి. పట్టీకి కింద ఊతం పెట్టాలి తప్ప మేకులు కొట్టకూడదు, కొడితే ఇప్పుడే వేసిన పూతకు చిల్లులు పడతాయి. నేల టైళ్లు అయ్యాక అడుగు వరుసను వాలుకు తగ్గట్టు కోసి పెడితే గోడ టైల్ నేల టైల్ పైకి వచ్చి నీళ్లు సందులోకి పోవు.

అడ్హెసివ్ కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత పొడి. కలిపి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కలపాలి. బిగుసుకున్నాక నీళ్లు పోసి పలచన చేస్తే అది పట్టదు. ఒకసారికి చదరపు మీటరుకు మించి పరచవద్దు. పైన పొర కట్టి వేలికి అంటకపోతే గీకేసి కొత్తది వేయండి. పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిశలో తిన్నగా లాగండి. గుండ్రంగా తిప్పితే గాలి చిక్కుకుంటుంది. చిన్న గోడ టైల్‌కు 6 మి.మీ. పళ్లు, 60 సెం.మీ. టైల్‌కు 10 మి.మీ. పళ్లు సరిపోతాయి. పెద్ద టైల్ వెనక కూడా పలచగా పూయండి. అప్పుడప్పుడు ఒక టైల్‌ను వెంటనే ఊడదీసి చూడండి. వెనక దాదాపు అంతా అడ్హెసివ్ అంటి ఉండాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అంటించే పద్ధతి బాత్రూమ్‌కు అస్సలు పనికిరాదు.

పైపుల కోసం చిల్లులను డైమండ్ హోల్‌సాతో (గుండ్రంగా కోసే డ్రిల్లు బిట్), నీళ్లు చల్లుతూ, డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపి వేయండి. ఎల్ ఆకారంలో కోయాల్సి వస్తే లోపలి మూలలో ముందు చిన్న చిల్లు వేయండి, లేకపోతే అక్కడి నుంచే టైల్ పగులుతుంది.

గ్రౌట్, సిలికాన్

24 గంటలు ఆగి, స్పేసర్లు తీసి, రబ్బరు ఫ్లోట్‌తో (రబ్బరు పలక ఉన్న తాపీ) గ్రౌట్‌ను సందులకు ఏటవాలుగా రుద్దండి. నీళ్లు ఎక్కువైతే రంగు మచ్చలుగా తేలుతుంది. షవర్ నేలకు ఎపాక్సీ గ్రౌట్ మేలు, కానీ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలపాలి, టైల్ మీద మిగిలినదాన్ని వెంటనే తుడవాలి. గోడలు కలిసే మూలల్లో, గోడ నేల కలిసేచోట గ్రౌట్ వద్దు. అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌట్ చీలుతుంది. బూజు పట్టని శానిటరీ సిలికాన్ నింపండి.

టవల్ రాడ్, సబ్బు అర వంటివి బిగించేటప్పుడు షవర్ తడి తగిలే గోడను వీలైనంత తప్పించండి. తప్పనప్పుడు ప్లగ్ దోపే ముందు చిల్లు నిండా సిలికాన్ కొట్టండి.